రెండు గంటల షిఫ్టు

పోయినవారం హెప్సిబాను కాంటా గదిలోకి పంపి, బయటినుంచి తాళం వేయించి, నేను మాత్రం నిశ్చింతగా ఇంటికెళ్లి పడుకున్నాను. అందుకు నన్ను తిట్టిపోసిన పాఠకులందరికీ నమస్కారం. వారమంతా ఆ పిల్ల అక్కడే మగ్గిందని బెంగపడకండి, కథలో గడిచింది పావుగంటే. ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవారి కోసం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

రుద్రూర్ రోడ్డు మీది చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా మధ్యాహ్నం రెండు గంటలకు, సరిగ్గా షిఫ్టు మారే వేళకు, బిగుసుకుపోయింది. ఈ సీజన్‌లో ఇది పదకొండోసారి. పదకొండుసార్లూ డ్యూటీ ఎక్కింది ఒక్కడే, కాంటా ఆపరేటరు సీమోను. కావాలనే ఆపుతున్నాడని రైతులు అతన్ని కాంటా గదిలోంచి కదలనివ్వలేదు. కాంటాను నడిపే ప్రోగ్రాం రాసింది నిజామాబాద్‌లో నలుగురు మనుషులున్న ఒక చిన్న కంపెనీ. ఆ నలుగురిలో ఒకరు సీమోను కూతురు హెప్సిబా. మెషిన్ ఎందుకాగిందో చూద్దామని ఆమె లోపలికి అడుగుపెట్టగానే వర్ని ఊరి రైతు రామ్‌దాస్ తలుపు లాగి తాళం బిగించాడు. "అయిదింటికి మేనేజర్ మళ్ల వస్తడు, ఎంబడి పోలీసులొస్తరు. అప్పటిదాంక తండ్రీబిడ్డలు అండ్లనే ఉండుండ్రి" అన్నాడు.

ఇప్పుడు నాలుగు కావస్తోంది.

గది పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఒక బీరువా, ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, ప్రింటరు. కాంటా వైపు చువ్వల కిటికీ ఒకటి. కిటికీలోంచి చూస్తే కాంటా మీద రామ్‌దాస్ ట్రాక్టరు, ట్రాలీ నిండా చెరుకు, మధ్యాహ్నం రెండు గంటలనుంచీ అలాగే నిలబడి ఉన్నాయి. దాని వెనక గేటు దాటి, రోడ్డెక్కి, కంటికి ఆనినంత దూరం ట్రాలీలే. రామ్‌దాస్ చెరుకు నరికి మూడు రోజులైంది. నరికిన చెరుకు నిలబడి ఎండేకొద్దీ తూకం జారిపోతుంది, ఏడాది కష్టం కళ్లముందే ఆవిరైపోతుంది. కోపం రాక ఏం చేస్తుంది? రామ్‌దాస్ చెడ్డవాడని నేను ఏ భాగంలోనూ రాయలేదు, ఇప్పుడూ రాయను.

సీమోను స్టూలు మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. కూతురు వచ్చినప్పటినుంచీ ఒక్కసారి కూడా ఆమె మొహంలోకి సూటిగా చూడలేదు.

"మంచినీళ్లు తాగినవా బాపూ?"

"తాగిన. నువ్వు నీ పని జూస్కో."

పని చూసుకోవడానికి హెప్సిబాకు ఒక అదృష్టం కలిసొచ్చింది. ఇదివరకు పదిసార్లూ కాంటా ఆగగానే ఎవరో ఒకరు మెషిన్ ఆపేసి మళ్లీ లేపేవారు. దాంతో తప్పు జాడ తుడిచిపెట్టుకుపోయేది. ఈసారి మాత్రం రైతులు ఎవరినీ మెషిన్ ముట్టుకోనివ్వలేదు. ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఆమె తన ల్యాప్‌టాప్‌ను దానికి తగిలించి, లోపల వెతకడం మొదలుపెట్టింది.

ఆ ప్రోగ్రాం సంగతి కొంచెం చెప్పాలి, విసుక్కోకండి. దానిలో నలుగురు పనివాళ్లుంటారు. థ్రెడ్లు అంటారు వాళ్లను. ఒకరు కాంటా మీది బరువు చదువుతారు, ఒకరు చీటీ ముద్రిస్తారు, ఒకరు హెడ్డాఫీసుకు పంపుతారు, ఒకరు రైతు ఫోనుకు మెసేజీ కొడతారు. నలుగురికీ కలిపి పనుల జాబితా ఒక్కటే. దానికో తాళం. జాబితా ముట్టుకోవాలంటే ముందు తాళం చేతికి తీసుకోవాలి, పనయ్యాక వదిలేయాలి. లేకపోతే ఒక రైతు చెరుకు బరువు మరొక రైతు చీటీలో పడుతుంది. షిఫ్టు మారేటప్పుడు ప్రోగ్రాం తనలాంటి ప్రోగ్రాంనే ఇంకొకదాన్ని పుట్టిస్తుంది. ఫోర్క్ అంటారు. తల్లి ప్రాసెస్ పాత షిఫ్టు లెక్క మూసుకుంటుంది, పిల్ల ప్రాసెస్ కొత్త షిఫ్టు అందుకుంటుంది.

పిల్ల ప్రాసెస్ తాళం దగ్గరే నిలబడిపోయి ఉంది. తాళం ఎవరో పట్టుకున్నారు, వదిలేదాకా చూద్దామని రెండు గంటలుగా చూస్తోంది. ఎవరు పట్టుకున్నారు? హెప్సిబా ఆ నంబరు తీసింది. 4117.

పిల్ల ప్రాసెస్‌లో ఉన్నవాళ్లందరి పట్టీ తీసింది. అందులో 4117 లేడు.

ఆమె మళ్లీ చూసింది. లేడు. అప్పుడు తల్లి ప్రాసెస్ పట్టీ తెరిచింది. అక్కడున్నాడు 4117, బరువు చదివే పనివాడు. తన పని ఎప్పుడో ముగించి, తాళం వదిలేసి, హాయిగా కూర్చున్నాడు.

"దొరికింది" అంది హెప్సిబా. గొంతులో సంతోషం ఉంది, పాపం, ఇంకా అసలు సంగతి తట్టలేదు. "బాపూ, దొరికింది!"

"ఏం దొరికింది?"

ఆమె కుర్చీని అతని వైపు తిప్పింది. "గీ గది ఉన్నదున్నట్టు పక్కకు ఇంకోటి లేసిందనుకో. గిదే బల్ల, గిదే బీరువా, గిదే రిజిష్టరు. అన్నీ వస్తయి. కని మనుషులల్ల ఒక్కలే వస్తరు. మిగిలినోళ్లు పాత గదిలనే ఉంటరు. సరేనా?"

"సరే."

"కొత్త గదిల మళ్ల నలుగుర్ని పనిల వెట్టుకుంటం. గా పని నేను రాసిన, మంచిగనే నడుస్తది. కని కొత్త గది లేసిన ఘడియల బీరువాకు తాళం ఏసున్నదనుకో, కొత్త గదిల బీరువాకు గూడ తాళం ఏసే ఉంటది. తీసెటోడేమో పాత గదిల. వాడు తన బీరువా తీసుకోని తన పని జేస్కుంటడు. గిక్కడ ఎవ్వడు తియ్యడు. ఎన్నటికి తియ్యడు."

ముప్పై ఏళ్లుగా కాంటాల దగ్గర బతికిన మనిషికి తాళాల సంగతి విడమర్చి చెప్పాల్సిన అవసరం లేదు. "మరి రోజు ఎందుకు గాదు? మిగిలినోళ్ల షిఫ్టుల ఒక్కపారి గూడ ఎందుకు గాదు?"

"గదే నేను అడుగుతున్న. వాళ్లు చెయ్యంది నువ్వేం జేస్తున్నవు? రెండింటికి వచ్చినంక ఏం జేస్తవో ఒక్కొక్కటి చెప్పు."

"ఏం జేస్త? వస్త, సంతకం వెడ్త, షిఫ్టు బటన్ కొడ్త."

"అప్పుడు కాంటా మీద ఏముంటది?"

"బండి ఉంటది. ఇంకేముంటది?"

హెప్సిబా మొహంలో సంతోషం ఆగిపోయింది. "బండి ఉండంగనే కొడ్తవా?"

"మరి దించి కొట్టుమంటవా?" సీమోనుకు రోషం వచ్చింది. "మిగిలినోళ్లు పది నిమిషాల ముందుగాలనే కాంటా ఖాళీ జేసి చాయ్‌లకు పోతరు. రైతు ఎండల నిలవడ్తడు. నేను ముందుగాల జేసిన పాత ఫ్యాక్టరీల నేర్సుకున్న పని ఏందంటె, కాంటా ఎక్కిన బండి చీటీ తీస్కోనే దిగాలె. షిఫ్టు మారనీ, మేనేజర్ రానీ. గా ఫ్యాక్టరీ మూతవడే రోజు గూడ ఆఖరి బండికి చీటీ ఇచ్చే బయటికొచ్చిన."

అదీ సంగతి. కాంటా ఖాళీగా ఉంటే బరువు చదివేవాడికి పని లేదు, తాళం ముట్టుకోడు. బండి ఉంటే క్షణానికి నాలుగుసార్లు తాళం తీసుకుంటాడు, వదులుతాడు. సీమోను బటన్ నొక్కిన ఘడియలో తాళం వాడి చేతిలో ఉంటే అంతే, పిల్ల పుట్టుకతోనే ఉరిలో పడుతుంది. ఈ సీజన్‌లో సీమోను అరవై రెండుసార్లు బటన్ నొక్కాడు. పదకొండుసార్లు ఉరి పడింది. ఎండలో నిలబడ్డ రైతు మీద జాలిపడ్డవాడే ఆ రైతు దృష్టిలో దొంగయ్యాడు. ఇది అన్యాయం అని రాయడానికి నాకు మొహమాటమేమీ లేదు.

మరి హెప్సిబా? ఆమె ప్రోగ్రాంను నిజామాబాద్ ఆఫీసులో పరీక్షించింది. అక్కడ కాంటా ఎక్కడిది? బల్ల మీద చిన్న పెట్టె ఒకటి పెట్టి, అది సున్నా చూపిస్తుంటే, వందసార్లు షిఫ్టు మార్చింది. వందసార్లూ చక్కగా మారింది. ఖాళీ కాంటా మీద వందకు వంద మార్కులు తెచ్చుకుని ఇంటికెళ్లి నిద్రపోయిన సాయంత్రం ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"తప్పు నాది బాపూ" అంది.

సీమోను చప్పున లేచాడు. "మెల్లగ మాట్లాడు. బయట ఇంటరు."

"ఇననీ."

"అది కాదు. గీ తప్పు సుధరాయించి బాగు జెయ్యవచ్చునా, రాదా? అది చెప్పు. కొత్త గది లేపే ముందల అందర్ని పని ఆపుమని, తాళం నేనే చేతిల వట్టుకోని లేపితే?"

ఆమె అతన్ని నోరు తెరుచుకుని చూసింది. "నీకెట్ల ఎర్క?"

"చార్జి ఇచ్చుడంటె గదే గద. పాత ఫ్యాక్టరీల దిగెటోడు, ఎక్కెటోడు ఇద్దరు బీరువా కాడ నిలవడి, తాళంచెవి చేతుల వెడ్తేనే సంతకాలు. చెవి ఎవ్వని దగ్గరున్నదో తెల్వకుండ చార్జి తీస్కుంటే ఏమన్న ఉన్నదా?"

సరిగ్గా అదే మందు. ఫోర్కుకు ముందు పనివాళ్లను ఆపాలి, పుట్టించేవాడే తాళం తన చేతిలోకి తీసుకోవాలి. పుట్టించాక తల్లిలో వదిలేయాలి, పిల్లలో పాత తాళం పారేసి కొత్తది పెట్టి కొత్తవాళ్లను పనిలో పెట్టాలి. కంప్యూటరు చదువు చదివిన హెప్సిబాకు తట్టనిది పదో తరగతి తప్పిన సీమోనుకు తట్టింది. ఆమె పది నిమిషాల్లో ఆ లైన్లు ల్యాప్‌టాప్‌లో రాసి పెట్టుకుంది. రాస్తున్నంతసేపూ తలుపుకు తాళముందన్న సంగతే మరిచిపోయింది.

ఫోను మోగింది. కంపెనీ యజమాని శ్రీధర్, నిజామాబాద్‌నుంచి. ఆమె జరిగిందంతా చెప్పింది.

"హెప్సిబా, నా మాటిను. కాంటా ఖాళీ చేసినంకనే షిఫ్టు మార్చాలె, ఆపరేటర్ గట్ల చెయ్యలే అని రిపోర్టు రాయి. రాత్రికి నీ లైన్లు చప్పుడు చెయ్యకుండ ఎక్కిద్దాం."

"ఖాళీ చెయ్యమని మనం ఎవ్వలికి చెప్పినం శ్రీధరన్నా? ఎక్కడ రాసిచ్చినం?"

"ఇప్పుడు రాస్తం. మీ బాపుకు ఏం గాకుండ నేను మాట్లాడుత. మన ప్రోగ్రాం తప్పని తెలిస్తే రేపు ఇంకొక ఫ్యాక్టరీ మనల్ని గేటు లోపలికి రానియ్యదు."

"ఆపరేటర్ తప్పని రాస్తే మా బాపును ఇంకొక కాంటా కాడికి ఎవ్వరు రానియ్యరన్నా" అని ఆమె ఫోను పెట్టేసింది. శ్రీధర్ ఆమెకు పని నేర్పినవాడు, ఆ మాట అతనితో అనాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది.

అయిదు కాకముందే జీపు వచ్చింది. చెరుకు కొనుగోలు చూసే కేన్ మేనేజర్ ఆత్మారాం దిగాడు, వెనక బోధన్‌నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబులు. రైతులంతా కిటికీ చుట్టూ మూగారు. హెప్సిబా చువ్వలు పట్టుకుని నిలబడింది.

"సార్, కాకా, అందరు ఇనుండ్రి. కాంటా ఆపింది మా బాపు కాదు. ప్రోగ్రాంల తప్పున్నది. ఆ తప్పు చేసింది నేను. కాంటా మీద బండి ఉండంగ షిఫ్టు మారుస్తే అప్పుడప్పుడు బిగుసుకుంటది. మా బాపు మీ బండి దించొద్దని అట్ల చేసిండు. మిగిలినోళ్లు చెయ్యలే. గంతే."

వెనకనుంచి సీమోను "హెప్సీ, వద్దు" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

ఆత్మారాం కనుబొమలు ముడిచి జేబులోంచి మడత కాగితం తీశాడు. "మరి ఇదేందమ్మా? రెండున్నరకు నేనొచ్చి అడిగితే మీ నాన్న సొంత చేత్తో రాసిచ్చిండు. చదువుత, వినండి. 'కాంటా యంత్రములో ఏ లోపము లేదు. నా అలసత్వము వలన, నేను కావాలని ఆపుట వలన ఇట్లు జరిగినది. ఇందులో మరెవ్వరి బాధ్యత లేదు.' సంతకం సీమోను."

హెప్సిబా నెమ్మదిగా వెనక్కి తిరిగింది. ఆమె వచ్చినప్పటినుంచీ అతను ఎందుకు మొహం చాటేస్తున్నాడో అప్పుడు అర్థమైంది.

"ఏం రాసినవు బాపూ?"

"నీ మిషిన్ల తప్పు లేదని రాసిన." అన్నాడు సీమోను. "నాకు ఇంకెన్నేండ్లున్నదే కొలువు? నీదిప్పుడే మొదలాయె. మిషిన్ తప్పంటే నీ పేరు వస్తదని నాకు భయమైంది. నువ్వు రాకముందే అయిపోతదనుకున్న."

ఆమెకు అతన్ని కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. కిటికీ దగ్గర రామ్‌దాస్ అప్పటికే గట్టిగా అంటున్నాడు. "సూసిండ్రా? తండ్రేమో నేనే జేసిన అంటడు. బిడ్డేమో నేనే జేసిన అంటది. బాపును ఇడిపించుకునెతందుకు సెప్తున్నది, గంతే! ఎవ్వల మాట నమ్మాలె మేము?"

చూశారా ఉచ్చు ఎలా బిగిసిందో! తండ్రి ప్రేమతో ఆడిన అబద్ధానికి సంతకం ఉంది. కూతురు చెప్పిన నిజానికి ఏ ఆధారమూ లేదు. 4117 నంబరును ఆమె ఫొటో తీసుకుంది, కానీ ఆ నంబరు రామ్‌దాస్‌కు ఏం చెబుతుంది?

"చూపిస్త కాకా" అంది. "మీ బండి కాంటా మీదనే ఉన్నది గద. మెషిన్ లేపి షిఫ్టు బటన్ కొడ్త. మీ కండ్ల ముందట ఆగుతది. కని ప్రతిసారి ఆగదు. అయిదారుసార్లకు ఒకసారి ఆగుతది. జర ఓపిక పట్టి..."

"అయిదారుసార్లా? నా సెరుకు ఇంక ఎండాల్నా?" రామ్‌దాస్ చువ్వల మధ్యనుంచి వేలు చూపించాడు. "ఒక్కసారి. తప్పుంటే ఆగాలె. ఆగితే నేనే తాళం దీసి మీ బాపు కాళ్లు మొక్కుత. ఆగకుంటె మీరిద్దరు కలిసి మమ్ముల పిసోళ్లను జేస్తున్నట్టే."

రైతులంతా అవునంటే అవునన్నారు. ఆత్మారాం తలూపాడు. హెడ్ కానిస్టేబులు గడియారం చూసుకున్నాడు.

హెప్సిబా కుర్చీలో కూర్చుని మెషిన్ ఆపి, పాత ప్రోగ్రాంనే మళ్లీ లేపింది. తెర మీద రామ్‌దాస్ చెరుకు బరువు వచ్చింది. రెండు గంటలప్పటికంటే అరవై కిలోలు తక్కువ. ఒక్కసారి. అరవై రెండింటిలో పదకొండు. లెక్కలు వచ్చిన మనిషి కనుక, ఈ ఒక్కసారికే ఆగే అవకాశం ఎంత తక్కువో ఆమెకు తెలుసు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. ఒక్క లైను చాలు. బరువు చదివేవాణ్ని తాళం చేతిలో పట్టుకుని రెండు సెకన్లు అలాగే ఉండమంటే, నొక్కిన మొదటిసారే కాంటా బిగుసుకుంటుంది. ఇక్కడ ఎవరికీ తెలియదు. లేని తప్పు కాదుగా చూపించేది, ఉన్న తప్పునే కదా! వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. సగం లైను రాసేసింది.

"ఏం రాస్తున్నవు?" సీమోను వచ్చి పక్కన నిలబడ్డాడు.

ఆమె వేళ్లు ఆగలేదు.

"తప్పకుండ ఆగేటట్టు చేస్తున్నవా?"

"ఒక్కసారే అంటున్నరు బాపూ. ఇంకేం చెయ్యమంటవు?"

సీమోను చాలా మెల్లగా అన్నాడు. "గా లైను రాస్తే, కాంటాను కావాలని ఆపినట్టే గద బిడ్డా. నేను సంతకం వెట్టిన అబద్ధం నిజమైతది."

హెప్సిబా కళ్లు తుడుచుకుంది. రాసిన సగం లైనునూ ఒక్కొక్క అక్షరంగా చెరిపేసింది. షిఫ్టు బటన్ మీద వేలు పెట్టింది. తను రాసిన ప్రోగ్రాం చెడిపోవాలని దేవుణ్ణి వేడుకోవడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. నొక్కింది.

తెర తెల్లబడింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. సీమోను ఆమె భుజం పట్టుకున్నాడు.

ప్రింటరు కదిలింది. చీటీ బయటికొచ్చింది. బరువు, తేదీ, రైతు పేరు, కొత్త షిఫ్టు నంబరు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో. బయట రామ్‌దాస్ జేబులో ఫోను టింగుమంది. "నడిచింది! కాంటా నడిచింది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. రోడ్డు పొడవునా ట్రాక్టర్లు స్టార్టయ్యాయి, డ్రైవర్లు ఈలలు వేశారు. మూడు గంటల తర్వాత ఆ గేటు దగ్గర మొదటిసారి జనం నవ్వారు.

"మెషిన్ బాగానే ఉన్నది కదమ్మా" అన్నాడు ఆత్మారాం, కాగితాన్ని జాగ్రత్తగా మడుస్తూ.

తాళం తెరిచిన చప్పుడైంది. హెడ్ కానిస్టేబులు గుమ్మంలో నిలబడి, "సీమోను ఎవరు?" అని అడిగాడు.